సంతకం పెట్టే ముందు, పెట్టించుకునే ముందు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పరిశోధన చేసేవాళ్ళవి. మిగతా సగం పరిశోధనకి తమ రక్తమో, మాటో, సమయమో ఇచ్చినవాళ్ళవి. రెండు వైపుల వాళ్ళూ ఒకే పేజీలో కలవడం నాకు చాలా సంతోషంగా ఉంది. కొత్తగా చదివేవారి కోసం నా గురించి రెండు ముక్కలు. సోషియాలజీలో పీహెచ్‌డీ చేశాను. తర్వాత పాఠాలు చెబుతూనే ఇరవై రెండేళ్ళు యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీలో, అంటే పరిశోధన వల్ల ఎవరికీ అన్యాయం జరగకుండా ముందే చూసే కమిటీలో, ఉన్నాను. పాత రాతప్రతులు చదివేవాళ్ళ దగ్గర్నుంచి క్యాన్సర్ కణాలు పెంచేవాళ్ళ దాకా అందరి ప్రాజెక్టు కాగితాలూ మా టేబుల్ మీదకే వచ్చేవి. నేను చెప్పేదంతా ఆ టేబుల్ దగ్గర నేర్చుకున్నదే.

*

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది. ఆయన్ని చూసే డాక్టరుగారు ఒక యూనివర్సిటీ ప్రాజెక్టులో చేరమన్నారు. పదకొండు పేజీల కాగితం ఇచ్చి చివర సంతకం పెట్టమన్నారు. సగం అర్థం కాలేదు. ఎదురు ప్రశ్నలు వేస్తే డాక్టరుగారు ఏమనుకుంటారోనని నాన్నగారు సంతకం పెట్టేస్తానంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది మేడమ్. పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు. కానీ అర్థమయ్యాకే పెట్టాలి. అర్థం కాకపోతే ఆ తప్పు రాసినవాళ్ళది, చదివినవాళ్ళది కాదు. ఈ మాట మీ నాన్నగారికి నా తరఫున చెప్పండి.

మా కమిటీకి వచ్చిన ఒక సమ్మతి పత్రం నాకింకా గుర్తుంది. అందులో 'యాదృచ్ఛికీకరణ ద్వారా మిమ్మల్ని ఏదో ఒక సమూహంలో చేర్చడం జరుగుతుంది' అని ఉంది. ఆ వాక్యాన్ని నేను పైకి మూడుసార్లు చదివాను. ప్రాజెక్టు తెచ్చిన యువ డాక్టరుని పిలిచి, "బాబూ, నేను రోగిని అనుకో. ఇదేంటో చెప్పు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మీకు కొత్త మందు ఇవ్వాలా పాత మందు ఇవ్వాలా అన్నది నేను నిర్ణయించనండీ. బొమ్మా బొరుసా వేసినట్టు కంప్యూటరే తేలుస్తుంది. మీకు ఏది వచ్చిందో నాకూ తెలియదు" అన్నారు. ఆ మాటే రాయమన్నాం. రాశారు. నోటితో చెప్పగలిగింది కాగితం మీద ఎందుకు రాయలేరు? అంతవరకూ ఆయన్ని ఎవరూ అలా అడగలేదు, అంతే.

కాబట్టి మీరిద్దరూ కలిసి వెళ్ళి అడగండి. మొట్టమొదట అడగాల్సింది, ఇది నాన్నగారి జబ్బు తగ్గించడానికి చేసే వైద్యమా, లేక రేపటి రోగుల కోసం చేసే పరిశోధనా అని. రెండూ ఒకే గదిలో, ఒకే తెల్లకోటు వేసుకున్న మనిషి చేతుల మీదుగా జరుగుతాయి కాబట్టి చాలామంది వీటిని కలిపేసుకుంటారు. మధ్యలో మానేస్తే ఇప్పుడు అందుతున్న వైద్యం ఏమైనా తగ్గుతుందా అన్నది రెండో సంగతి. తగ్గదని కాగితంలోనే రాసి ఉండాలి. తీసుకున్న రక్తం ఈ ఒక్క పనికేనా, దాచిపెట్టి ఇంకో పదేళ్ళ తర్వాత ఇంకోదానికి కూడా వాడతారా? మందు వల్ల ఏదైనా తేడా చేస్తే ఆ ఖర్చు ఎవరిది? అర్ధరాత్రి ఫోన్ చేయాలంటే ఏ నంబరుకి? చివరికి ఏం తేలిందో మాకు చెబుతారా? నిజాయితీగా పనిచేసే పరిశోధకులు ఈ ప్రశ్నలకి చిరాకు పడరు. కాగితం ఇంటికి తీసుకెళ్ళి చదివి రేపు చెబుతామన్నా కాదనరు. కాదన్నారంటే సంతకం పెట్టకపోవడానికి ఆ ఒక్క కారణం చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఈ కాగితం ఊరికే పుట్టలేదు. అమెరికాలోని టస్కీగీలో 1932లో అక్కడి ప్రజారోగ్య శాఖ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. 600 మంది నల్లజాతి పేదలు. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉంది. ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు, 'చెడు రక్తం'కి వైద్యం చేస్తున్నామన్నారు. వెన్నులోంచి నీరు తీయడానికి పిలుస్తూ దాన్నే 'ప్రత్యేక ఉచిత చికిత్స' అని ఉత్తరం రాశారు. 1940ల చివరికి ఆ జబ్బుని నయం చేసే పెన్సిలిన్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. అయినా వీళ్ళకి ఇవ్వలేదు. వైద్యం అందకపోతే జబ్బు ఎలా ముదురుతుందో చూడటమే ఆ ప్రాజెక్టు. 1972లో పత్రికల్లోకి ఎక్కేదాకా, నలభై ఏళ్ళు అలాగే సాగింది. ఆ తర్వాత 1974లో అమెరికాలో పరిశోధనలో పాల్గొనేవాళ్ళని కాపాడే చట్టం వచ్చింది, 1979లో బెల్మాంట్ నివేదిక వచ్చింది. మనిషి ఇష్టాన్ని గౌరవించడం, మేలు చేయడం, పరిశోధన వల్ల వచ్చే భారాన్నీ లాభాన్నీ న్యాయంగా పంచడం అనే మూడు సూత్రాలు ఆ నివేదికలోవే. ఈనాటి ఎథిక్స్ కమిటీల పనికి అవి పునాది.

రక్తం దాచుకునే సంగతి అడగమన్నది కూడా ఉత్తినే కాదు. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే 30 ఏళ్ళ ఆవిడ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రికి వెళ్ళారు. ఆవిడ కణితి నుంచి తీసిన చిన్న ముక్క ల్యాబ్‌కి వెళ్ళింది. అంతకుముందు ఎవరి కణాలు తెచ్చినా కొన్నాళ్ళకే చచ్చిపోయేవి. ఇవి మాత్రం రోజు రోజుకీ రెట్టింపవుతూ పోయాయి. ఆవిడ అదే ఏడాది అక్టోబరులో చనిపోయారు. ఆ కణాలు హీలా అన్న పేరుతో ప్రపంచమంతా వెళ్ళాయి. పోలియో టీకా పరీక్షల్లోనూ పనికొచ్చాయి. ఆవిడని ఎవరూ అడగలేదు. తల్లి కణాలు బతికే ఉన్నాయని పిల్లలకి తెలిసేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. వైద్యానికి జరిగిన మేలు ఎంతో పెద్దది, కాదనను. అడిగి ఉంటే ఆ మేలు తగ్గేదా?

*

ప్రశ్న: నేను చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను. "సైన్సు వాళ్ళకి ల్యాబ్ ఉంటుంది, మీరు చేసేది పుస్తకాలు చదవడమేగా, దాన్ని పరిశోధన అంటారా?" అని ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ అడుగుతున్నారు. ఏం చెప్పాలో తోచట్లేదు.

జవాబు: మీకు ఆలిస్ కోబర్ గురించి చెబుతాను. వాళ్ళకి కూడా చెప్పండి.

గ్రీసు దేశపు క్రీట్ దీవిలో మూడు వేల ఏళ్ళకి పైబడిన మట్టి పలకలు దొరికాయి. వాటి మీది లిపికి లీనియర్ బీ అని పేరు పెట్టారు. ఏ భాషో తెలియదు, ఏ అక్షరానికి ఏ శబ్దమో తెలియదు. కోబర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. పగలు క్లాసులు, రాత్రిళ్ళు ఈ లిపి. ఏ గుర్తు ఏ గుర్తు పక్కన వస్తుంది, మాట మొదట్లో ఎన్నిసార్లు, చివర్లో ఎన్నిసార్లు అని ఒక్కో సంగతికి ఒక్కో కార్డు రాశారు. యుద్ధం రోజులు కాబట్టి కాగితం దొరికేది కాదు. పరీక్ష పుస్తకాల అట్టలు, గ్రీటింగ్ కార్డుల వెనక భాగాలు, చర్చి కరపత్రాలు కత్తిరించుకుని వాటి మీద రాసి, సిగరెట్ అట్టపెట్టెల్లో సర్దిపెట్టుకున్నారు. అలా లక్షా ఎనభై వేల దాకా కార్డులు తయారయ్యాయి.

ఆ కార్డుల్లోంచి ఒక సంగతి తేలింది. కొన్ని మాటలు మొదట ఒకేలా ఉండి చివర మాత్రం మారుతున్నాయి. మన భాషలో 'ఇల్లు, ఇంట్లో, ఇంటికి' అన్నట్టు. అంటే ఇది విభక్తులున్న భాష అన్నమాట. శబ్దం ఒక్కటి కూడా ఊహించకుండా, కేవలం లెక్క పెట్టి, వ్యాకరణాన్ని పట్టుకున్నారావిడ! 1950లో, 43 ఏళ్ళకే చనిపోయారు. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ దారినే ముందుకి వెళ్ళి అది గ్రీకు భాషే అని తేల్చారు. ఇంతకీ పలకల్లో ఉన్నవి గొర్రెలు, నూనె, రథచక్రాల లెక్కలు. రాజుల ప్రశంసలు కావు. అప్పటి గుమస్తాలు రోజూ రాసుకున్న పద్దులు. నాకైతే అదే ఇంకా విలువైనదనిపిస్తుంది.

మీ ఇంటికి వచ్చినవాళ్ళు అడిగినప్పుడు మీ కార్డు ఒకటి చూపించండి. కార్డులు లేకపోతే ఇవాళే మొదలుపెట్టండి. కంప్యూటర్‌లో ఫైలైనా సరే. ఏ మాట ఎక్కడ చదివారు, పేజీ ఎంత, మీరు చూసింది అసలు ప్రతా, నకలా, దాని మీద మీ అనుమానం ఏమిటి అన్నవి ఏ రోజువి ఆ రోజు రాసుకోండి. చదివినవాళ్ళకీ పరిశోధన చేసినవాళ్ళకీ తేడా అక్కడే కనిపిస్తుంది. ఇంకొకరు వచ్చి అడిగితే మీరు ఆ మాటకి ఎలా వచ్చారో అడుగడుగునా చూపించగలగాలి.

*

ప్రశ్న: ఒక మొక్క నుంచి తీసిన పదార్థం వాపుని తగ్గిస్తుందని సినాప్సిస్ (పీహెచ్‌డీ మొదట్లో ఇచ్చే పరిశోధన ప్రణాళిక) రాశాను. మూడేళ్ళు చేశాను మేడమ్. మందు ఇచ్చిన ఎలుకలకీ ఇవ్వని వాటికీ తేడా రాలేదు. మా గైడ్‌గారు "డేటాని ఇంకోలా చూడు, ఎక్కడో ఒకచోట తేడా ఉండే ఉంటుంది" అంటున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు. నా మూడేళ్ళూ పోయినట్టేనా?

జవాబు: పోలేదమ్మా. ముందు మనసు కుదుటపరుచుకోండి, తర్వాత ఒక పని చేయండి. మీ ప్రయోగంలో వాపు తగ్గిస్తుందని అందరికీ తెలిసిన మందు ఇచ్చిన ఎలుకల గుంపు ఒకటి ఉండే ఉంటుంది. దాని ఫలితం చూడండి. ఆ గుంపులో వాపు తగ్గిందా? తగ్గితే మీ పద్ధతి సరైనదే, మీ చేతులు సరిగ్గానే పనిచేశాయి. అప్పుడు 'ఈ మోతాదులో ఈ పదార్థానికి ఆ గుణం కనిపించలేదు' అన్నది గట్టి ఫలితం. ఆ గుంపులో కూడా తగ్గకపోతే తప్పు ప్రయోగంలో ఉంది, మొక్క గురించి మీరు ఇంకా ఏమీ చెప్పలేరు. రెండింటికీ చాలా తేడా ఉంది. ఎలుకల సంఖ్య చాలినంత ఉందా అన్నది కూడా స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళతో చూపించుకోండి. మరీ తక్కువైతే ఉన్న తేడా కూడా కనపడదు.

ఇక 'ఇంకోలా చూడు' అన్న మాట. చూడటం తప్పు కాదు. చూసినవన్నీ చెప్పకపోవడం తప్పు. పీ విలువ (నిజంగా ఏ తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 కంటే తగ్గితే తేడా ఉన్నట్టు లెక్క అని మనం అనుకుంటాం కదా. మగ ఎలుకలు విడిగా, ఆడవి విడిగా, మూడో రోజు, ఏడో రోజు, ఈ ప్రొటీన్, ఆ ప్రొటీన్ అంటూ ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పోలికలు చూశారనుకోండి. మొక్కలో ఏ గుణమూ లేకపోయినా కనీసం ఒక్కచోట 0.05 కంటే తక్కువ వచ్చే అవకాశం 64 శాతం! ఆ ఒక్కటీ రాసి, పందొమ్మిదీ దాచేస్తే, అచ్చులో అది మొక్క మహిమలా కనిపిస్తుంది.

ఇలాంటివి పేరుకుపోతే ఏమవుతుందో 2015లో బయటపడింది. మనస్తత్వశాస్త్రంలో అప్పటికే పేరున్న జర్నళ్ళలో వచ్చిన 100 అధ్యయనాలని కొత్త బృందాలు మళ్ళీ చేసి చూశాయి. మొదటిసారి 97 శాతం వాటిలో తేడా ఉందని రాశారు. మళ్ళీ చేస్తే 36 శాతంలోనే వచ్చింది. అందరూ మోసం చేశారని కాదు. ఎక్కువమంది మీ గైడ్‌గారిలాగే మంచి ఉద్దేశంతోనే 'ఇంకోలా' చూసి ఉంటారు. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనల్లో తేడా లేదన్న ఫలితాన్ని కూడా బయటపెట్టాలని ప్రపంచ వైద్య సంఘం వాళ్ళ హెల్సింకీ ప్రకటన స్పష్టంగా చెబుతోంది. మీవి ఎలుకలే కావచ్చు, అవి కూడా ప్రాణాలిచ్చాయి. మీ ఫలితం దాచేస్తే ఇంకో ల్యాబ్‌లో ఇంకో అమ్మాయి ఇదే మొక్కతో మళ్ళీ మూడేళ్ళు మొదలుపెడుతుంది, మళ్ళీ అన్ని ఎలుకలూ పోతాయి.

గైడ్‌గారితో గొడవ పడొద్దు. సినాప్సిస్‌లో రాసిన పోలికలు ఒక పట్టికలో, తర్వాత చూసినవి వేరే పట్టికలో పెట్టి తీసుకెళ్ళండి. "రెండో పట్టికని 'ముందు అనుకోనివి, కొత్త ప్రయోగంతో సరిచూడాల్సినవి' అని రాద్దామా సార్?" అని అడగండి. ఆ మాట వాక్యంగా కూడా రాసిపెట్టుకుని వెళ్ళండి. గైడ్ ముందు నోరు పెగలదని నాకు తెలుసు.

*

ప్రశ్న: గంట ఇంటర్వ్యూ రికార్డ్ చేస్తే కాగితం మీదకి ఎక్కించడానికి ఎంతసేపు పడుతుంది? మా ప్రాజెక్టులో 40 ఇంటర్వ్యూలు ఉన్నాయి.

జవాబు: గంటకి నాలుగు నుంచి ఆరు గంటలు వేసుకోండి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి మాట్లాడితే ఇంకా ఎక్కువే. అంటే మీ 40 గంటలకి దాదాపు 200 గంటల పని. ప్రాజెక్టు ప్రతిపాదనలో దీనికి నెలలు, డబ్బు విడిగా చూపించండి. నేను చూసిన సోషల్ సైన్సెస్ ప్రాజెక్టులు ఎక్కువగా ఇక్కడే ఆలస్యమయ్యాయి. సాఫ్ట్‌వేర్ రాసిపెట్టినా ఒకసారి చెవితో విని సరిచూడాలి. మనిషి ఆగిన చోటు, గొంతు మారిన చోటు అది పట్టుకోదు. రికార్డింగ్‌ని ఎక్కడికైనా పంపేముందు ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ళు దానికి ఒప్పుకున్నారో లేదో కూడా చూసుకోండి.

*

ప్రశ్న: మా అత్తయ్య చాలా ఏళ్ళుగా ఒక ఆరోగ్య అధ్యయనంలో ఉన్నారు. రెండేళ్ళకోసారి పిలిచి అవే ప్రశ్నలు, అవే పరీక్షలు. ఇంకా ఎన్నాళ్ళు? ఇప్పుడు మానేస్తే వాళ్ళకి నష్టమా?

జవాబు: మానేసే హక్కు ఆవిడకి ఎప్పుడూ ఉంది, కారణం కూడా చెప్పక్కర్లేదు. ఇక నష్టమా అంటే, అవును, నష్టమే. ఎందుకో చెబుతాను, విని ఆవిడే తేల్చుకుంటారు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948లో గుండె జబ్బుల అధ్యయనం మొదలైంది. 5,209 మంది ఆడవాళ్ళూ మగవాళ్ళూ చేరారు. మీ అత్తయ్యగారిలాగే వాళ్ళు కూడా రెండేళ్ళకోసారి వెళ్ళేవాళ్ళు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ అలవాటు రాసుకోవడం, ఎవరికి గుండెపోటు వచ్చిందో చూడటం. మొదటి పదేళ్ళు పెద్దగా చెప్పుకోదగ్గదేమీ లేనట్టే అనిపించి ఉంటుంది. వయసుతో పాటు బీపీ పెరగడం మామూలే అని చాలామంది డాక్టర్లే అనుకునే రోజులవి. అది మామూలు కాదని ఈ ఊరివాళ్ళ వల్లే గట్టిగా తెలిసింది. మనమంతా ఇప్పుడు అలవాటుగా వాడే 'రిస్క్ ఫ్యాక్టర్' అన్న మాట 1961లో ఈ అధ్యయనం వాళ్ళు రాసిన వ్యాసంతోనే వాడుకలోకి వచ్చింది. తర్వాత వాళ్ళ పిల్లలు చేరారు, మనవలు చేరారు.

మానేసేవాళ్ళు అన్ని రకాల వాళ్ళూ సమానంగా మానేయరు. జబ్బు ముదిరినవాళ్ళు, ఇల్లు మారినవాళ్ళు, ఇంట్లో కష్టం ఉన్నవాళ్ళు ముందు జారిపోతారు. మిగిలినవాళ్ళని మాత్రమే లెక్కేస్తే లోకమంతా ఆరోగ్యంగా ఉన్నట్టు తేలుతుంది. అందుకే న్యూజిలాండ్‌లో ఒటాగో యూనివర్సిటీవాళ్ళు డునెడిన్ అధ్యయనంలో ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వెళతారు. అక్కడ 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లలతో అది మొదలైంది. వేరే దేశంలో స్థిరపడినా టికెట్ కొని మరీ రప్పిస్తారు. వాళ్ళకి 45 ఏళ్ళు వచ్చినప్పుడు, బతికి ఉన్నవాళ్ళలో 94 శాతం మంది వచ్చారు. మీ అత్తయ్యగారి లాంటి ఒక్క మనిషి స్థానంలో కొత్త మనిషిని తెచ్చి కూర్చోబెట్టలేరు. ఆవిడ పాతికేళ్ళ క్రితం బీపీ ఇంకెవరి దగ్గర ఉంటుంది? అలా అని పరీక్షల వల్ల ఆవిడకి ఒంట్లో ఇబ్బందిగా ఉంటే, అది పక్కనపెట్టి ఫోన్లో ప్రశ్నలకి మాత్రం జవాబిస్తానని చెప్పొచ్చు. ఇలా మధ్యే మార్గం ఉంటుందని చాలామందికి తెలియదు.

*

ప్రశ్న: నాది సాహిత్యం, మా అన్నయ్యది మైక్రోబయాలజీ. ఇద్దరం కలిసి ఒక ప్రాజెక్టు చేయాలని కోరిక. అసలు కుదురుతుందా?

జవాబు: చక్కగా కుదురుతుంది. నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటి చెబుతాను.

1918 నవంబరులో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అనే చిన్న పల్లెకి చేరింది. అయిదు రోజుల్లో 80 మంది పెద్దవాళ్ళలో 72 మంది పోయారు. ఎప్పుడూ గడ్డకట్టి ఉండే ఆ నేలలో అందరినీ ఒకే గోతిలో పూడ్చారు. 1951లో అయోవా యూనివర్సిటీలో యొహాన్ హుల్టిన్ అనే పరిశోధక విద్యార్థికి, ఆ మంచులో వైరస్ ఇంకా ఉండొచ్చు కదా అనిపించింది. మరణాల రికార్డులు ఒకపక్క, గడ్డకట్టిన నేలల మ్యాపులు ఇంకోపక్క పెట్టుకుని ఎక్కడ తవ్వాలో తేల్చుకున్నాడు. మొదటి సగం చరిత్ర పని, రెండో సగం సైన్సు పని. పల్లె పెద్దల దగ్గరికి వెళ్ళి అనుమతి అడిగాడు. ఇచ్చారు. నిప్పు పెట్టి నేలని కరిగించుకుంటూ తవ్వి, ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చాడు. ల్యాబ్‌లో కోడిగుడ్లలోకి ఎక్కించి చూశాడు. వైరస్ పెరగలేదు. ఆ ప్రాజెక్టు అక్కడితో ఆగింది. పీహెచ్‌డీ కూడా పూర్తి కాలేదు.

46 ఏళ్ళ తర్వాత, 1997లో, జెఫరీ టాబెన్‌బెర్గర్ బృందం పాత కణజాలం నుంచి ఆ వైరస్ జన్యువుల ముక్కలు చదివిందని హుల్టిన్ చూశారు. అప్పుడాయన వయసు 72. ఉత్తరం రాసి, ఒక్కరే మళ్ళీ అదే పల్లెకి వెళ్ళారు. మళ్ళీ పల్లె పెద్దల అనుమతి అడిగారు. ఈసారి ఒకావిడ దేహంలో, ఒంట్లోని కొవ్వు కాపాడటం వల్ల, ఊపిరితిత్తులు చెడిపోకుండా ఉన్నాయి. ఆ ముక్కల సాయంతోనే 2005కల్లా 1918 వైరస్ జన్యుక్రమం పూర్తిగా తెలిసింది. నేను మరీ మరీ తలుచుకునేది మాత్రం ఇంకొకటి. 1951లో ఆ సమాధి మీద ఉన్న రెండు శిలువలు అప్పటికి పోయాయి. పని అయ్యాక గొయ్యి పూడ్చి, బడి వడ్రంగి గదిలో తన చేతుల్తో రెండు పెద్ద శిలువలు చేసి అక్కడ నిలబెట్టి వచ్చారాయన.

లండన్‌లో ఈస్ట్ స్మిత్‌ఫీల్డ్ సమాధుల్లోని పళ్ళ నుంచి 2011లో ప్లేగు బ్యాక్టీరియా జన్యుక్రమం చదివినప్పుడు కూడా అంతే. ఆ స్థలంలో పూడ్చింది 1348–50 నాటి ప్లేగు మృతులనే అని పాత పత్రాలు చెప్పబట్టే, ఆ పళ్ళు ఏ కాలానివో తెలిసింది.

మీరిద్దరూ మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం కూర్చుని మాటలు సరిచూసుకోండి. అన్నయ్య 'కల్చర్' అంటే గాజు గిన్నెలో పెరిగే సూక్ష్మజీవులు, మీరంటే సంస్కృతి. 'శాంపిల్' అన్నా అంతే. వ్యాసం మీద ఎవరి పేరు ముందు ఉండాలో కూడా ఆ సాయంత్రమే రాసుకోండి. అన్నాచెల్లెళ్ళే అయినా సరే.

*

ప్రశ్న: నా థీసిస్‌లో ఒకావిడ ఇంటర్వ్యూ చాలా ముఖ్యం. ఒక అధ్యాయమంతా ఆవిడ మాటల మీదే నిలబడింది. ఇప్పుడు ఫోన్ చేసి, "నేను చెప్పినవి తీసేయమ్మా" అంటున్నారు. సంతకం పెట్టిన పత్రం నా దగ్గర ఉంది. వచ్చే నెల సబ్మిట్ చేయాలి. పేరు మార్చేస్తే సరిపోదా మేడమ్?

జవాబు: సరిపోదమ్మా. ఆవిడ పేరు తీసేయమనలేదు, మాటలు తీసేయమన్నారు. మీరు పెట్టించుకున్న పత్రంలో 'ఎప్పుడైనా విరమించుకోవచ్చు' అన్న వాక్యం ఉందేమో చూడండి. ఉంటే ఆవిడ ఆ వాక్యాన్నే వాడుకుంటున్నారు. ఫలానా తేదీ తర్వాత కుదరదని రాసి ఉన్నా, ఆవిడ భయపడుతుంటే ఆ తేదీని అడ్డుపెట్టుకోవద్దు.

నా సంగతి చెబుతాను. నేను రాత్రి షిఫ్టులు చేసే నర్సుల మీద పీహెచ్‌డీ చేశాను. 46 మందితో మాట్లాడాను. డ్యూటీ దిగాక, కళ్ళు మూతలు పడుతున్నా, వాళ్ళు నాకోసం కూర్చుని చెప్పారు. థీసిస్ అయింది, ఉద్యోగం వచ్చింది. తొమ్మిదేళ్ళకి వాళ్ళలో ఒకావిడ ఎదురుపడి, "నేను ఆ రోజు చెప్పిందంతా ఏమైందండీ?" అని అడిగారు. కోపంగా కాదు, తెలుసుకుందామని. నా దగ్గర జవాబు లేదు. థీసిస్ లైబ్రరీలో ఉంది, ఇంగ్లీషులో ఉంది. అందులో ఆవిడ 'రెస్పాండెంట్ 31'. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత దాన్ని రెండు పేజీల తెలుగులో రాసి, దొరికిన 19 మందికీ ఇచ్చి వచ్చాను. ఇద్దరు అందులో తప్పులు చూపించారు. వాళ్ళు చెప్పింది నిజమే, నేను తప్పుగా అర్థం చేసుకున్నాను. అడగాల్సింది ముందే.

ఇవాళే ఆవిడకి ఫోన్ చేయండి. ముందు "అలాగేనండీ, తీసేస్తాను" అనండి. ఆ తర్వాతే, ఏ మాట ఇబ్బంది పెడుతోందో చెప్పగలరా అని అడగండి. చెప్పకపోతే బలవంతం చేయొద్దు. ఎక్కువసార్లు ఒకటి రెండు సంగతులే ఉంటాయి. ఇంట్లో ఎవరో చదువుతారనో, పనిచేసే చోట గుర్తుపడతారనో. అవి తీసేసి అధ్యాయాన్ని ఆవిడకి చదివి వినిపిస్తే, మిగతాది ఉంచమని ఆవిడే అనొచ్చు. అనకపోతే మొత్తం తీసేయండి, రికార్డింగ్ కూడా చెరిపేసి ఆ మాట ఆవిడకి చెప్పండి. గైడ్‌గారికి ఇవాళే తెలియజేసి, రెండు నెలల గడువు అడుగుతూ కాగితం పెట్టండి. కారణం 'ఇంటర్వ్యూ ఇచ్చినవారు సమ్మతి వెనక్కి తీసుకున్నారు' అని ఉన్నదున్నట్టు రాయండి. కమిటీలో ఉన్నన్నాళ్ళూ ఆ కారణంతో వచ్చిన ఏ దరఖాస్తునీ మేము తిప్పి పంపలేదు.